అందరి పేరునా ఒకటే ఫిల్ము

ఒకటి అని రావాలి అక్కడ. ఒక్క వరుస మారింది అని. తెర మీద మాత్రం ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు వరుసలు మారాయి అని ఉంది. దుర్గాశ్రీ మూడోసారి చదివినా అలాగే ఉంది, కళ్లజోడు తీసి చున్నీ అంచుతో తుడిచి పెట్టుకుని చదివినా అలాగే ఉంది. కింద హాల్లో ఎవరో దగ్గారు, ఆ దగ్గు వెనకే ఇంకొకరు అందుకున్నారు. ఛాతీ డాక్టరు గారి ఆసుపత్రిలో దగ్గు ఒకరితో ఆగదు, బల్లల చివరిదాకా వెళ్లి తిరిగొస్తుంది. తొమ్మిదీ పదిహేను. తొమ్మిదిన్నరకి డాక్టరు ఆంజనేయప్రసాద్ గారు మొదటి టోకెను పిలుస్తారు, పాతవాళ్లయితే కంప్యూటరు తెరిచి వాళ్ల పాత ఎక్స్‌రే చూస్తారు, చూస్తే అక్కడ కనిపించేది వాళ్ల ఎక్స్‌రే కాదు. ఇప్పుడు ఎవరిది తెరిచినా వాళ్లది కాదు.

అంత పెద్ద పని కూడా కాదిది, అందుకే ఏడుపొస్తోంది. అమలాపురంలో ఈ ఆసుపత్రి మేడ మీద గదిలో ఆరేళ్లుగా కంప్యూటర్ల సంగతంతా తనదే. పాత కంప్యూటరు మొన్న వానలప్పటి నుంచీ మూలుగుతోంది, ఎప్పుడు పోతుందో తెలీదు, ఎక్స్‌రే ఫిల్ములన్నీ కొత్త దాంట్లోకి మార్చేద్దామండీ అని తనే అంది, ఎవరూ అడగలేదు, తన నోరు ఊరుకోక. నిన్న సాయంత్రం ఫిల్ములన్నీ కొత్త దాంట్లోకి ఎక్కించింది. ఫిల్ములైతే వెళ్లాయి గానీ, డేటాబేస్‌లో ఒక్కొక్క మనిషి పేరు పక్కనా ఆ మనిషి ఫిల్ము ఏ డ్రైవులో, ఏ ఫోల్డర్లో, ఏ నంబరుతో ఉందో రాసి ఉంటుంది కదా, ఆ దారి పాతదే ఉండిపోయింది. ఇల్లు మారాక కూడా ఉత్తరాలు పాత గుమ్మానికే వెళ్లినట్టు. ఆ దారులన్నీ చేత్తో మారిస్తే ఏడాది, కంప్యూటరుకి క్వెరీ అని ఒక ఆజ్ఞ రాసిస్తే క్షణం. ముందు ఒక్కరిది మార్చి చూసుకుని, ఫిల్ము సరిగ్గా తెరుచుకుంటే అప్పుడు అందరివీ మారుద్దామనుకుంది. మూడు లైన్లు రాసింది. ఈ పట్టికని మార్చు, దారి ఇదిగో ఇలా పెట్టు, మూడు వేల నూట ఏడో నంబరు మనిషికి మాత్రమే. ఆ మాత్రమే అన్నది మూడో లైన్లో ఉంది. మౌసుతో గీసి నీలం చేసినప్పుడు పై రెండు లైన్లే నీలమయ్యాయి, మూడోది మిగిలిపోయింది. మీట నొక్కితే నీలంగా ఉన్నంత మటుకే నడుస్తుంది. ఆ సంగతి తనకి తెలీదా, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

తెలిసీ ఎందుకు చేసిందంటే, ఆయ్ అన్నందుకు. మెట్ల కింద నుంచి డాక్టరు గారు కేకేశారు. “అమ్మాయ్ దుర్గాశ్రీ, నీ పని అయిపోయిందా? పేషెంట్లని పిలవమంటావా?” ఇంకా అవలేదండీ, ఒక్క పావుగంట ఆగండి, అనడానికి ఎంతసేపు? నోరు దానంతటదే, “ఆయ్, అయిపోయిందండీ,” అనేసింది. ఈ గోదావరి నీళ్లలో ఏముందో గానీ పెద్దవాళ్లు అడిగితే కాలేదనే మాట ఇక్కడ ఎవరి నోటా రాదు. జాకెట్లు కుట్టే ఆయన గుడ్డ కత్తిరించకుండానే అయిపోయిందండీ అంటాడు, గ్యాస్ బండ తెచ్చేవాడు ముమ్మిడివరంలో ఉండి మీ వీధి మలుపులో ఉన్నానండీ అంటాడు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు, మర్యాద అనుకుంటారు, ముందు అవతలి వాళ్ల మనసు కష్టపెట్టకూడదు, పని ఎలాగూ తరవాత అవుతుంది. తనూ అంతే, ముందు అనేసింది, అన్నాక ఆ మాట నిజం చెయ్యాలని ఆదరాబాదరాగా మౌసు లాగింది, గీసింది ఎంతో చూసుకోలేదు, నొక్కేసింది. మర్యాదకి పోయి అందరి ఫిల్ములూ పోగొట్టింది. పోలేదు, పోలేదు, ఫిల్ములు ఎక్కడివక్కడే ఉన్నాయి, దారులే పోయాయి. కానీ దారి తెలియని ఫిల్ము ఉండీ ఏం లాభం, నంబర్లు తప్ప పేర్లుండవు వాటి మీద.

మూడు వేల నూట ఏడు అమ్మది. పాపాయమ్మ, రాజోలు, వయసు యాభై ఒకటి, 2019 జూన్. ఏది మార్చి చూడాల్సొచ్చినా దుర్గాశ్రీ ముందు అమ్మ వరుస మీదే చూస్తుంది. పరాయివాళ్ల రికార్డు మీద ప్రయోగాలెందుకు, సొంత మనిషిదైతే పాడైనా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అది పైకి చెప్పుకునే కారణం. అసలుది వేరు, ఆ వంకనైనా అమ్మ పేరు టైపు చేస్తుంది, ఫిల్ము తెరుచుకుంటుంది, నల్లగా ఉన్నదాంట్లో తెల్లగా పక్కటెముకలు, ఇరవయ్యేళ్లు పీచు ఫ్యాక్టరీలో మోపులు మోసిన భుజం ఒకవైపు కాస్త కిందికి, కుడి పక్క పైన నిమ్మకాయంత మచ్చ. అమ్మ ఫోటోలు ఇంట్లో లేక కాదు. వాటిలో అమ్మ ఫోటో తీస్తున్నారని బిగుసుకుని నిలబడుతుంది, అమ్మలా ఉండదు. దీన్లో ఊపిరి బిగబట్టి ఉంది. గట్టిగా పీల్చి ఆపండమ్మా అని ఎక్స్‌రే తీసే కేశవరావు గారు అంటే ఆపింది, తను తలుపు అవతల నిలబడి ఉంది అప్పుడు, వదలండమ్మా అని ఆయన అనేదాకా తను కూడా ఆపింది. ఆ ఫిల్మే ఇప్పుడు అందరిదీ అయింది. కొత్తపేట వాళ్లూ, ద్రాక్షారామం వాళ్లూ, లంకల్లో వాళ్లూ, ఆడా మగా, ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు మంది పేర్ల కింద అమ్మ ఎముకలు, అమ్మ మచ్చ. ఇంతమందికి అమ్మ జబ్బు అంటగట్టింది తను, ఒక్క వేలితో.

బ్యాకప్ ఉంది. లేకపోతే ఈపాటికి వెనక మెట్ల దారిన బస్టాండుకి పరిగెత్తి ఉండేది. నిన్న సాయంత్రం తీసిన బ్యాకప్ పాత డిస్కులో ఉంది, డిస్కు బల్ల మీదే ఉంది, కానీ పెద్ద తెలివైనదాన్నని ఫిల్ములూ డేటాబేసూ కలిపి ఒకే మూట కట్టింది, ఇప్పుడా మూట మొత్తం విప్పితే గానీ అడుగున ఉన్న డేటాబేస్ చేతికి రాదు. విప్పడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ గీత కాస్త కదిలి ఆగింది. యాభై నిమిషాలు అంది, కాసేపటికి గంటా పది అంది, మళ్లీ నలభై అంది, ఇది కూడా ఈ ఊరి మర్యాదే నేర్చుకున్నట్టుంది. పోనీ పదింపావు అనుకుందాం. పదింపావు దాకా ఎవరూ పాత ఫిల్ము తెరవకుండా ఉంటే చాలు, ఎవరికీ తెలీకుండా అంతా సర్దుకుంటుంది. లేదా కిందికి వెళ్లి చెబితే చాలు. డాక్టరు గారూ, పొరపాటైంది, గంట సేపు కంప్యూటరు చూడొద్దండీ. పద్దెనిమిది మెట్లు, రోజుకి ఇరవై సార్లు దిగే మెట్లే. ఆయన అరిచే మనిషైతే దిగేసేది. అరవరు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి అలా చూస్తారు. అమ్మకి మందులిచ్చిన రోజుల్లోనే, డిగ్రీలో కంప్యూటర్లు చదివేనండీ అంటే వెంటనే రేపణ్నించి వచ్చెయ్యమ్మా అన్న మనిషి, వచ్చిన వాళ్లందరితో మా దుర్గాశ్రీ ఉండగా నాకు రికార్డుల బెంగ లేదండీ అని చెప్పుకునే మనిషి. ఇప్పుడాయనకి ఎలా చెప్పడం, ఇందాకే కదా అయిపోయిందన్నాను, అది కూడా అబద్ధమేనండీ అని ఎలా?

ఫోను తీసి కింద కౌంటరుకి చేసింది. “వీరదుర్గక్కా, ఇవాళ మొదటి టోకెన్లు ఎవరివి?”

“ఒకటి కనకమహాలక్ష్మని, కువైట్ వెళ్లే ఆవిడమ్మా, కొత్తావిడే. రెండోదీ కొత్తే. మూడు పోలయ్య గారు, ఐ.పోలవరం నుంచొస్తారే, రొయ్యల చెరువు కాపలా ఆయన. ఏం, ఎందుకూ?”

“ఏం లేదక్కా.”

ఇది రెండో అబద్ధం, లెక్క పెట్టుకుంటూ పోతే ఎక్కడికి చేరుతుందో. ఇద్దరు కొత్తవాళ్లు, దేవుడు చల్లగా చూశాడు. కొత్తవాళ్లకి పాత ఫిల్ము ఉండదు, కువైట్ ఆవిడకి ఇప్పుడే తీసి ఆ ప్లాస్టిక్ ఫిల్మునే దీపం పెట్టెకి తగిలించి చూస్తారు, కంప్యూటరుతో పనే లేదు. వీసా పరీక్షకి వెళ్లే ముందు ఇక్కడికొచ్చి చాటుగా ఒకసారి ఛాతీ చూపించుకుంటారు వీళ్లంతా, ఎక్కడైనా చిన్న మచ్చ ఉంటే ఎంబసీ వాళ్లు పంపరట, బ్యాగు సర్దుకున్న మనిషి బ్యాగు విప్పుకోవాలి. ఆవిడ పాతావిడైతే? అమ్మ మచ్చ చూపించి అమ్మా నువ్వు వెళ్లకూడదని చెప్పేసి ఉంటే? కాదులే, పాతది కాదు. మనిషికి పది నిమిషాల లెక్కన తొమ్మిదీ నలభై, తొమ్మిదీ యాభై, తరవాత పోలయ్య. పోలయ్య లోపలికి వెళ్లి కూర్చుని, వినబడక చెప్పిందే చెప్పించుకుని, చొక్కా విప్పి, అంతా అయ్యేసరికి పది. ఇంకో పావుగంట ఏదోలా గడిస్తే. కేశవరావు గారికి టీ పంపించి ఎక్స్‌రే ఆలస్యం చేయిస్తే. కరెంటు పోతే. పోతే మూట విప్పడం కూడా ఆగిపోతుంది, వద్దు, కరెంటు ఉండాలి. ముప్ఫై ఒకటి శాతం. ముప్ఫై ఒకటి. ఇంకా ముప్ఫై ఒకటే.

పోలయ్య ఫిల్ము ఎలా ఉంటుంది? ఆరు నెలల కిందట తనే ఎక్కించింది కంప్యూటర్లోకి, ఆయన మేడ మీదికి కూడా వచ్చాడు వెనకాలే, “నా గుండె లోపలెలా ఉందమ్మా?” అని అడిగాడు, గుండె కాదండీ ఊపిరితిత్తులు అంటే, “అదేలే, లోపలంతా ఒకటే,” అన్నాడు. అన్నది గుర్తుంది, మెడలో గళ్ల తువ్వాలు గుర్తుంది, రాత్రింబవళ్లు చెరువులో తిరిగే మోటార్ల చప్పుడుకి చెవులు పోయాయని చెప్పింది గుర్తుంది. మచ్చ కుడి పక్కా ఎడమ పక్కా? పెద్దదా చిన్నదా? ఎంత తవ్వుకున్నా రావడం లేదు. చూడలేదు తను. నంబరు చూసింది, ఫోల్డర్లో పడేసింది. ఎనిమిది వేల పైచిలుకు ఫిల్ములు తన చేతిమీదుగా వెళ్లాయి, అందులో తను నిజంగా చూసింది ఒక్కటి. ఈ ఆరేళ్లూ గొప్పగా రికార్డులు చూస్తున్నానని అనుకుంది, సిగ్గుగా ఉంది. పోలయ్యకి టీబీ, ఇవాళ్టితో ఆరు నెలల మందులు పూర్తి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి మచ్చ తగ్గితే మందులు ఆపుతారు, తగ్గకపోతే కాకినాడ పెద్దాసుపత్రికి పంపుతారు. పాతది అమ్మదైతే? నిమ్మకాయంత మచ్చ పక్కన ఆయన మచ్చ ఏదైనా చిన్నగానే కనిపిస్తుంది. తగ్గిందనే అనుకుంటారు. తగ్గకపోయినా తగ్గిందనే అనుకుంటారు.

అమ్మ కూడా తగ్గిందనే అనుకుంది. రెండు నెలలు మందులు మింగేసరికి దగ్గు పోయింది, ఒళ్లు కాస్త వచ్చింది, కంచంలో మారు అన్నం పెట్టించుకుంది, మళ్లీ పీచు ఫ్యాక్టరీకి వెళ్లడం మొదలుపెట్టింది. మాత్ర వేసుకున్నావా అమ్మా అంటే, “ఆఁ, వేసుకున్నానే,” అనేది, తనూ నమ్మేది, ఆసుపత్రిలో పనిచేసే కూతురు. పోయాక బియ్యం డబ్బా వెనకాల దొరికాయి మాత్రల అట్టలు, విప్పనివి, రబ్బరు బ్యాండు వేసి వరసగా పేర్చి. పారెయ్యలేదు, మళ్లీ వచ్చినప్పుడు పనికొస్తాయని దాచి ఉంటుంది, అమ్మ ఏదీ పారేసే మనిషి కాదు. అమ్మ మీద కోపం ఈ నాలుగేళ్లలో తగ్గలేదు. నిజం చెబితే ఏమయ్యేది? అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, కూర్చోబెట్టి మింగించేదాన్ని. అంతే కదా. ఎందుకు చెప్పలేదు? నా మనసు కష్టపెట్టకూడదని. కోపం అమ్మ మీదా? నలభై శాతం. ఇంకొక్క అరగంట.

కింద మూడో నంబరు, మూడో నంబరు, అని వీరదుర్గ పిలిచింది. దుర్గాశ్రీ గడియారం చూసింది, తొమ్మిదీ ముప్ఫై అయిదు. అప్పుడే మూడేంటి? ఫోను ఎత్తితే వీరదుర్గ, “కువైట్ ఆవిడ ఎక్స్‌రేకి వెళ్లిందమ్మా, రెండో ఆయన టిఫినుకెళ్లి రాలేదు, పోలయ్య గారి ఫిల్ము పొద్దున్నే తీసేసేరు కదా, ఆయన్ని పంపేసేను,” అంది. ఏం కాదు, పాత ఫిల్ము ఇవాళ డాక్టరు గారు తెరవకపోవచ్చు, కొత్తది చూసి ఊరుకోవచ్చు, తెరిచినా ఆడమనిషి ఛాతీ అని ఆయనకి తెలీకుండా ఉంటుందా, ముప్ఫై ఏళ్ల అనుభవం. తెలీదు. అప్పటికే అమ్మ ఒంట్లో ఆ తేడా తెలిసేంత కండ మిగల్లేదు. ఫిల్ము మూలన నంబరు ఉంటుంది, సన్నగా, చెదిరిపోయి, ఎవరు చూస్తారు, పైన పెద్ద అక్షరాలతో పోలయ్య అని పేరు కనిపిస్తుంటే. ఆ పేరు పెట్టింది ఎవరు, దుర్గాశ్రీ. ఆ అమ్మాయి పెట్టిందంటే తప్పుండదు. నలభై నాలుగు. నలభై నాలుగు. కదలదేం?

డాక్టరు గారి గది తలుపు వేసున్నా పోలయ్యకి చెప్పే మాటలు మేడ మీదికి వినబడతాయి, అంత గట్టిగా చెబితే గానీ ఆయనకి ఎక్కదు. “పోలయ్యా, ఇటు చూడు! ఇది ఆరు నెల్ల కిందటిది, ఎంత మచ్చో చూసేవా? ఇది ఇవాళ్టిది. ఎక్కడుంది? బాగా తగ్గిపోయింది. మందులు చాలు!”

“ఆపెయ్యమంటారాండీ?”

“ఆపెయ్! కాకినాడా వద్దు, ఏం వద్దు. ఇంటికెళ్లి సుఖంగా ఉండు!”

దుర్గాశ్రీ ఎప్పుడు లేచిందో, కుర్చీ వెనక్కి పడితే ఎత్తకుండా ఎలా వచ్చిందో, మెట్లు ఎన్ని దిగిందో తనకే తెలీదు. పోలయ్య అప్పటికే హాల్లోకి వచ్చేశాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు, ఫోన్లో భార్యకి, “ఒసే సత్యనారాయణమ్మా, మందులాపెయ్యమన్నేరే!” అని అరుస్తున్నాడు, బల్లల మీద వాళ్లంతా ఆయన వంక చూసి నవ్వుతున్నారు. ఆయన నవ్వు చూసి ఒక్క క్షణం కాళ్లు ఆగాయి. ఇంకాసేపు పోనిద్దామా, ఇంటికెళ్లాక ఫోను చేద్దామా, మెల్లిగా చెబుదామా అనిపించింది, నిజంగా అనిపించింది. అప్పటికే చెయ్యి వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“వెళ్లకండి బాబాయి గారూ. ఆ పాత ఫిల్ము మీది కాదండీ.”

“ఏంటమ్మా?” అన్నాడు, ఫోను చెవి దగ్గర్నించి తీసి, నవ్వుతూనే.

మెల్లిగా చెప్పే వీలు లేదు ఈ మనిషికి. “ఆ ఫిల్ము మీది కాదండీ!” అని అరిచింది. హాలంతా ఇటు తిరిగింది. డాక్టరు గారు తలుపు తెరుచుకుని వచ్చారు, కళ్లజోడు నుదుటి మీద ఉంది. ఆయన వైపు చూడకుండా, పోలయ్య చెవి దగ్గరే నోరు పెట్టి, కానీ డాక్టరు గారికే చెబుతున్నట్టు, దుర్గాశ్రీ మొత్తం అరిచేసింది, “నేను తప్పు చేసేనండీ, అందరివీ కలిసిపోయేయి, ఇందాక డాక్టరు గారికి అయిపోయిందన్నాను, అవలేదండీ, ఇంకో అరగంట దాకా ఎవరి పాత ఫిల్మూ చూడకూడదండీ, మీరు మందులు ఆపకూడదండీ!” డాక్టరు గారు లోపలికి వెళ్లారు, తెర ఆపేసిన చప్పుడు వినబడింది, మళ్లీ గుమ్మంలోకొచ్చి, “వీరదుర్గమ్మా, పాతవాళ్లని ఎవర్నీ పంపకు,” అని మాత్రం అన్నారు.

పోలయ్య మొహంలో నవ్వు వెంటనే పోలేదు, ఎక్కడికి పోవాలో తెలీనట్టు కాసేపు అలాగే ఉంది. “మరెవరిదమ్మా అది? అంత మచ్చున్నది?”

“మా అమ్మదండీ.”

“ఇప్పుడెలా ఉందమ్మా ఆవిడకి?”

“పోయిందండీ,” అంది దుర్గాశ్రీ. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు. నాలుగేళ్లుగా ఆ మాట ఎవరు అడిగినా గొంతు తగ్గించే చెప్పింది. ఇప్పుడు గొంతు ఎత్తాలి. “పోయిందండీ! మందులు మధ్యలో ఆపేసింది! నాకు చెప్పలేదు!”

దగ్గులు ఆగిపోయాయి. ఫోనులో సత్యనారాయణమ్మ ఇంకా ఏదో అడుగుతోంది. పోలయ్య ఫోను జేబులో పెట్టుకుని, చేతి సంచి కింద పెట్టి, ఇందాక లేచిన బల్ల మీదే మళ్లీ కూర్చున్నాడు. “వెళ్లమ్మా, వెళ్లి చూడు,” అన్నాడు. “నాది దొరికేదాకా నేనిక్కడే ఉంటాను.”